తీగమీద పాలపిట్టలు, బొంబాయి ఉత్తరాలు

పక్షుల మీద ఇంత శ్రద్ధ ఎట్లా కలిగిందని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ విసుగే వస్తుంది. వాళ్ళు ఏదో అందమైన జవాబు ఆశిస్తారు. నా జవాబు అంత అందంగా ఉండదు. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చి జనగామలో మా బడి మూతపడింది. ఊరికే ఇంట్లో ఎందుకు కూర్చోవాలని మా వాళ్ళు నన్ను జొన్నచేను కాపలాకు పంపారు. అంతే.

అప్పుడు నేను హైస్కూలు చివరి ఏడాదిలో ఉన్నాను. ఊరేగింపుల్లో మేమూ నడిచాం, గొంతులు పోయేదాకా నినాదాలు ఇచ్చాం. ఒకరోజు బస్టాండు దగ్గర లాఠీలు లేచాయని తెలిసి మా బాపు మరునాడే వచ్చి, నా ట్రంకుపెట్టె బస్సు మీద వేయించి, నన్ను ఊరికి తీసుకుపోయాడు. మా ఊరు కొడకండ్ల దగ్గర. నెలరోజుల్లో బడి తెరుస్తారని చెప్పారు. నెలలు గడిచాయి, బడి తెరవలేదు. జొన్న కంకి పాలు పోసుకునే వేళకు బాపు నాకొక వడిసెల చేతికిచ్చి మంచె ఎక్కించాడు.

రామచిలుకల గుంపులు దిగినప్పుడల్లా వడిసెల తిప్పి రాయి వేయడం నా పని. రెండో రోజే చెయ్యి వాచింది. మంచె పక్కన పాతిన గుంజ మీద ఒక పాలపిట్ట రోజూ వచ్చి కూర్చునేది. కూర్చున్నప్పుడు మట్టిరంగులో బద్ధకంగా కనిపించేది. లేచి రెక్క విప్పితే మాత్రం నీలం మీద నీలం. ఒకసారి దానికీ రాయి గురిపెట్టాను. కింద కలుపు తీయిస్తున్న బాపు తల ఎత్తి, "గది కంకి తినది బిడ్డా, పురుగు తింటది. దాని జోలికి పోకు" అన్నాడు. ఆ తర్వాత నేను చిలుకలను చూసింది తక్కువ, ఆ పిట్టను చూసింది ఎక్కువ. ఆ ఏడు మా జొన్న దిగుబడి తగ్గింది కూడా.

చదువు ఆలస్యంగానైనా పూర్తయింది. సైన్సు టీచరు ఉద్యోగం వచ్చింది. పెళ్ళయింది. మా ఆయనది జనగామలో తాలూకా ఆఫీసులో గుమాస్తా పని, నా బడి ఏమో కొడకండ్ల దారిలో. పొద్దున గంటకు పైగా బస్సు, సాయంత్రం గంటకు పైగా బస్సు. ఆ రోడ్డు మీద బస్సులో పుస్తకం చదవడం కుదరదు, అక్షరాలు ఎగురుతాయి. నిద్ర పోదామంటే తల కిటికీ చువ్వకు కొట్టుకుంటుంది. ఆ విసుగులో ఒకరోజు టెలిఫోను తీగల మీద కూర్చున్న పాలపిట్టలను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. తీగలు రోడ్డుకు ఒకే పక్కన ఉండేవి. అందుకని పొద్దున ఎడమవైపు కిటికీ, సాయంత్రం కుడివైపు కిటికీ పట్టుకునేదాన్ని. ఏ ఊరికీ ఏ ఊరికీ మధ్య ఎన్ని కనిపించాయో చిన్న నోటుబుక్కులో గీతలు పెట్టుకునేదాన్ని. రెండేళ్ళు అట్లా గడిచాయి. వానాకాలంలో ఎక్కడ తగ్గుతాయో, నాగళ్ళు కదిలితే ఎక్కడ చేరుతాయో నాకు తెలిసిపోయింది. దాన్ని పరిశోధన అంటారని మాత్రం తెలియదు.

ఆ సంగతి చెప్పింది వరంగల్లులో వేసవి శిక్షణకు వచ్చిన ఒక లెక్చరరు. నా నోటుబుక్కు చూసి, పక్షుల సంరక్షణకూ పరిశోధనకూ చిన్న చిన్న గ్రాంట్లు ఇచ్చే సంస్థ ఒకటి బొంబాయిలో ఉందని, దరఖాస్తు పెట్టమని, ఒక పేజీ నోటీసు ఇచ్చాడు. ఆ కాగితం తెచ్చుకున్న సాయంత్రం నేను చాలా సంతోషంగా ఉన్నాను. ఈ కథ మొత్తంలో అంత సంతోషంగా ఉన్న రోజు మరొకటి లేదు కాబట్టి చెబుతున్నాను.

దరఖాస్తు మీద సంస్థాధిపతి సంతకం కావాలన్నారు. నా సంస్థ అంటే ఐదు గదుల బడి, అధిపతి అంటే మా హెడ్మాస్టరు. ఆయన దరఖాస్తు మూడుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, "పిట్టలను లెక్కపెడితే పైసలిస్తరా టీచరమ్మా?" అని అడిగాడు. ఇస్తారన్నాను. సర్కారు జీతం తీసుకునే మనిషి బయటి డబ్బు తీసుకోవాలంటే పై ఆఫీసు నుంచి అభ్యంతరం లేదనే కాగితం రావాలని, అది లేకుండా సంతకం పెడితే తన పింఛను పోతుందని చెప్పాడు. పై ఆఫీసుకు పోతే అక్కడి గుమాస్తా, పక్షులు ఏ సబ్జెక్టు కిందికి వస్తాయో రాసి ఇమ్మన్నాడు. జీవశాస్త్రం అని రాసిచ్చాను. సిలబస్‌లో పాలపిట్ట పాఠం లేదు కదా అని ఫైలు వెనక్కి పంపాడు. ఈసారి పర్యావరణం అని రాశాను. అప్పుడప్పుడే ఆ మాట కొత్తగా వినబడుతోంది, భయపడి సంతకం పెట్టించాడు. ఒక వేసవిలో మొదలైన ఫైలు మరుసటి వేసవికి చేతికొచ్చింది. ఇంట్లో గోడు చెప్పుకుంటే మా ఆయన, "ఫైలంటే గట్లనే పోతది, మా కాడ గూడ గంతే" అని అన్నం కలుపుకున్నాడు. ఆ ఓదార్పు నాకు మరింత మంట పుట్టించింది.

బొంబాయి నుంచి మొదటి ఉత్తరం వచ్చింది. దరఖాస్తు ఆసక్తికరంగా ఉందట. అయితే ఈ పక్షి అరుదైనదా, ప్రమాదంలో ఉందా అని అడిగారు. లేదని రాశాను. అయితే దీని మీద అధ్యయనం ఎందుకని మరో ఉత్తరం. బళ్ళో పిల్లల హాజరు ఎందుకు తీసుకుంటామో వాళ్ళకు చెప్పాలనిపించింది. రోజూ కనబడేదాన్ని రోజూ లెక్కపెడితేనే అది తగ్గిన రోజు తెలుస్తుందని, తగ్గాక మొదలుపెడితే ఎంతనుంచి తగ్గిందో చెప్పేవాళ్ళు ఉండరని నాకు వచ్చిన ఇంగ్లీషులో రాశాను. ఆ వాక్యం కోసం డిక్షనరీ ముందేసుకుని ఒక ఆదివారం మొత్తం కూర్చున్నాను. దానికి జవాబు లేదు కానీ గ్రాంటు మంజూరైంది.

మంజూరైంది సగమే. అడిగినవాటిలో మొదటిది బస్సు పాసు. అది నా సొంత ప్రయాణం కిందికి వస్తుందని కొట్టేశారు. పరిశోధన జరిగేదే బస్సులో అని రాసినా వినలేదు. నేను అడగని దుర్భిణి మాత్రం ఇచ్చారు, ఏడాది చివర తిరిగి పంపాలనే షరతు మీద. సహాయకుడిని పెట్టుకోవచ్చు కానీ అతను పట్టభద్రుడై ఉండాలి. చివరగా, రోడ్డు పక్క లెక్కలను అడవి ప్రాంతంతో పోల్చి చూపాలి, దానికి ప్రయాణ ఖర్చులు వేరే ఉండవు. ఈ షరతులన్నీ తయారుచేసిన మనిషి ఎన్నడైనా ఎర్రబస్సు ఎక్కి ఉంటాడా అని చాలారోజులు ఆలోచించాను.

దుర్భిణి రిజిస్టరు పార్సెల్‌లో వచ్చింది. మంచి వస్తువు, బరువు కూడా బాగానే ఉంది. మొదటిరోజే బస్సులో కళ్ళకు పెట్టుకున్నాను. బస్సు గుంతలో పడింది, దుర్భిణి కనుబొమ్మకు తగిలి వాచింది. బస్సు కదులుతున్నంతసేపు అందులో కనిపించేది ఆకాశం, చేను, మళ్ళీ ఆకాశం. పిట్ట దొరికేలోపు ఊరు దాటిపోతుంది. మామూలు కళ్ళతోనే లెక్కపెట్టుకున్నాను. దుర్భిణిని మాత్రం, పోగొడితే కట్టాలి కాబట్టి, రోజూ అన్నం డబ్బాతో పాటు మోసుకుపోయాను.

దాంతో ఇంకో తలనొప్పి మొదలైంది. ఆ బస్సు కండక్టరు చాలాకాలంగా నన్ను అనుమానంగా చూస్తున్నాడని నాకు తెలియదు. కిటికీ పక్కన కూర్చుని నోటుబుక్కులో గీతలు పెట్టే ఆడమనిషి, ఇప్పుడు మెడలో దుర్భిణి. ఒకరోజు టికెట్టు ఇస్తూ గొంతు తగ్గించి, "అక్కా, ఒక్క మాట అడుగుత, తప్పుగ అనుకోవద్దు. మీరు చెకింగోళ్ళ మనిషా?" అన్నాడు. టికెట్టు లేకుండా ఎక్కినవాళ్ళను నేను లెక్క రాసుకుంటున్నానని అతను రెండేళ్ళుగా భయపడుతున్నాడు. నేను బస్సు లోపలికి చూడనే లేదని, పాలపిట్టలను లెక్కపెడుతున్నానని చెబితే నమ్మలేదు. నోటుబుక్కు చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు. ఆ నవ్వులో భయం పోయిన తేలిక ఉంది. మరునాటి నుంచి అతనూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నేను ఎవరితోనైనా మాట్లాడుతుంటే, "అక్కా, వంతెన కాడ ఒకటి తప్పింది" అని వెనుకనుంచి చెప్పేవాడు. బస్సులో నలుగురూ తిరిగి నన్ను చూసేవారు.

అడవి పోలిక కోసం సంక్రాంతి దాటాక మా ఆయనను వెంటబెట్టుకుని గంగారం వైపు పోయాను. ఆయనకు ఇష్టం లేదు, కానీ నన్ను ఒక్కదాన్ని ఆ దారిన పంపడం ఇంకా ఇష్టం లేదు. మానుకోటలో బస్సు మారి, గూడూరు దాటి పోయాం. అడవిలో ఒకచోట బస్సు ఆపి తనిఖీ చేస్తున్నారు. నక్సలైట్ల కోసం అడవులు గాలిస్తున్న రోజులవి, ఆ ప్రాంతం తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. తుపాకీ భుజాన వేసుకున్న జవాను నా సంచిలో చెయ్యిపెట్టి దుర్భిణి తీశాడు. మమ్మల్ని దింపేశారు. బస్సు వెళ్ళిపోయింది.

ఒక షెడ్డు కింద మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. పెద్ద అధికారి వచ్చి నోటుబుక్కు తెరిచాడు. పాలపిట్టకు గుర్తుగా నేను ప్రతి పేజీలో 'పా' అని రాసుకుని, పక్కన గీతలు పెట్టుకున్నాను. ఆయన ఆ అక్షరం మీద వేలుపెట్టి, "పా అంటే ఏంది? పార్టీయా?" అన్నాడు.

"పాలపిట్ట సారూ" అన్నాను.

ఆయన నమ్మలేదు. ఆయన జాగాలో నేనున్నా నమ్మేదాన్ని కాదేమో. బొంబాయి ఉత్తరాలు చూపిస్తే ఇంగ్లీషు చదివి మరింత అనుమానపడ్డాడు. మా ఆయన తన ఆఫీసు పేరు, అధికారి పేరు, ఆ అధికారి పైన ఉన్న అధికారి పేరు చెప్పాక మమ్మల్ని వదిలారు. దుర్భిణి తిరిగి ఇచ్చారు. నోటుబుక్కు మాత్రం విచారణకని ఉంచుకున్నారు.  జనగామలో దిగాక మా ఆయన, "జొన్నచేన్ల కావలి ఉన్నప్పుడు చిలుకలనే కొట్టుకుంట ఉండకపోయినవా" అన్నాడు.

నెలన్నర తర్వాత నోటుబుక్కు తిరిగి వచ్చింది. ప్రతి పేజీ మీద నీలం సిరాతో గుండ్రటి ముద్ర వేసి ఉంది. ఆ పేజీల నకలు బొంబాయికి పంపితే, శాస్త్రీయ నోట్సు మీద ఇతర ముద్రలు ఉండరాదని, కారణం తెలపాలని ఉత్తరం వచ్చింది. కారణం తెలిపాను. ఇకముందు అడవి పోలిక అవసరం లేదని ఒక వాక్యంతో ముగించారు. ఆ ఒక్క వాక్యం ముందే రాసి ఉంటే మా ఇంట్లో వారంరోజులు మౌనవ్రతం నడిచేది కాదు.

వీటన్నిటికంటే ముఖ్యమైన విషయం ఆ ముందటి దసరాకు మొదలైంది. గ్రాంటు అందిన తొలి నెలలవి. పండుగ పదిహేను రోజులుందనగా తీగల మీద పిట్టలు తగ్గసాగాయి. వానలు వెనుకబట్టాయి, పురుగు ఉంది, తగ్గవలసిన కాలం కాదు. ఒక ఊరి దగ్గర నాలుగు కనిపించే చోట రెండు, తర్వాత ఒకటి, తర్వాత ఒట్టి తీగ. కండక్టరుకు చెప్పాను. అతను తల గోక్కుని, "గంప పట్టుకొని ఒక పెద్దమనిషి ఎక్కుతుండు అక్కా. గుడ్డ కప్పుతడు. కోళ్ళనుకున్న" అన్నాడు.

మరునాడు ఆ పెద్దమనిషి ఎక్కాడు. అరవై దాటి ఉంటాయి, తలకు రుమాలు, కాళ్ళకు చెప్పులు లేవు. వెనుక సీటులో గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నేను పోయి పక్కన కూర్చున్నాను. గుడ్డ కింద కదలిక వినిపిస్తోంది. ఏముందని అడిగితే దాచలేదు, కొంచెం ఎత్తి చూపించాడు. మూడు పాలపిట్టలు. రెక్కలకు బంక అంటుకుని ఈకలు ముద్దలు కట్టి ఉన్నాయి. నేను ఏళ్ళ తరబడి కిటికీలోంచి చూసిన పిట్టలు అడుగు దూరంలో నోరు తెరుచుకుని ఎగపోస్తున్నాయి.

చట్టం గురించి చెప్పాలనుకున్నాను. టీచర్ను కదా, నోటికి అదే వచ్చింది. ఆయన విన్నాడు. దసరానాడు పాలపిట్టను చూడనిది పెద్ద పెద్ద ఇళ్ళవాళ్ళకే తోచదని, ఇంటికి తెచ్చి చూపిస్తే పైసలిస్తామని వాళ్ళే ముందుగా కబురు పెడతారని, తన తండ్రీ ఇదే పని చేశాడని నెమ్మదిగా చెప్పాడు. పండుగ కాగానే వదిలేస్తాడట. బంక అంటిన రెక్కలతో ఎట్లా ఎగురుతాయని అడిగాను. గంప మీద గుడ్డ సర్దుతూ, "బతికేది బతుకుతది బిడ్డా" అన్నాడు.

తర్వాత ఆయన నన్నడిగాడు. నేను ఏం రాసుకుంటానో కండక్టరు ఆయనకు ముందే చెప్పినట్టున్నాడు. ఆ లెక్కకు నాకు ఎవరైనా డబ్బిస్తారా అన్నాడు. ఇస్తారన్నాను.

"పడితేనేమో తప్పు. లెక్కబెడితేనేమో పైసలు. మంచిగనే ఉన్నది" అన్నాడు.

ఆయన వెటకారంగా అనలేదు. నిజంగా ఆలోచించి అన్నాడు.  అప్పటినుంచి దిగేదాకా ఆయనే చెబుతూ పోయాడు. ఏ స్తంభం ఏ జంటది, ఏ మొండి తాటిచెట్టు తొర్రలో ఏ ఏడు పిల్లలు చేసింది, ఏ పిట్ట మనిషి పొడ కనపడగానే లేస్తుంది, ఏది లేవదు. మూడేళ్ళ నా గీతల్లో లేని సంగతులు ఆయన ఇరవై నిమిషాల్లో చెప్పాడు. ఆయనకు సంతకం రాదు.

అదే దసరా పొద్దున మా వాకిట్లోకి ఒక పంజరం వచ్చింది. తెచ్చింది ఆయన కాదు, ఇంకెవరో. మా అత్తమ్మ తల మీద కొంగు కప్పుకుని దండం పెట్టింది. నేను వంటింట్లోంచి వచ్చి పిట్ట రెక్కలు చూపించాను. బంక సంగతి, వదిలినా ఎగరని సంగతి చెప్పాను. పండుగపూట ఏడుపుమాటలు వద్దంది. కానీ పంజరం పోయాక చాలాసేపు గడప మీదే కూర్చుంది. చివరికి, "ఏడాదికొక్కసారి సూడకుంటే ఎట్ల మరి?" అంది. నన్ను కాదు, తనను తానే అడుగుతున్నట్టు ఉంది.

ఆ పెద్దమనిషిని సహాయకుడిగా పెట్టుకుంటానని బొంబాయికి రాశాను. ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదని, పని ఇస్తే పట్టడం మానుతానన్నాడని వివరంగా రాశాను. జవాబు త్వరగానే వచ్చింది. సహాయకుడి విద్యార్హతల ధ్రువపత్రాలు జతచేయాలట. అంతేకాక నేను వర్ణించిన వ్యక్తి చట్టప్రకారం నేరస్తుడు కాబట్టి సంబంధిత అధికారులకు ఫిర్యాదు చేయాలట. పక్షులను కాపాడటానికి డబ్బు పెట్టుకుని కూర్చున్న సంస్థ, పక్షులను పట్టడం మానేస్తానన్న మనిషికి ఆ డబ్బు ఇవ్వరాదని రాసింది. ఆ ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి బియ్యం డబ్బా కింద పెట్టాను. ఫిర్యాదు చేయలేదు. ఆయనను నా జీతంలోంచే ఆదివారాలకు కుదుర్చుకున్నాను. మా ఆయన ఇంటి ఖర్చుల లెక్కలో ఆ కూలి కూడా రాసుకున్నాడు. ఆయన పద్ధతిలో అదే ఒప్పుకోవడం.

ఎండలు ముదిరే నెలల్లో పెద్దమనిషి వెంట చేలగట్ల మీద తిరిగాను. మొండి తాటిచెట్టు కనబడితే మొదట మొదలుకు చెవి ఆనించేవాడు. లోపల పిల్లలుంటే వినిపిస్తుందని చెప్పేవాడు. నాకు ఒక్కసారీ వినిపించలేదు. ఒక చెట్టుకు తానే ఎక్కి తొర్రలో చూసి నాలుగు గుడ్లున్నాయని పైనుంచి చెప్పాడు, నేను కింద రాసుకున్నాను. దిగేటప్పుడు తల్లిపిట్ట తల మీదుగా దూసుకొచ్చి అరిచింది. ఆయన రుమాలు తలకు సర్దుకుని, "తిట్టనియ్యి, దాని ఇల్లు గద" అన్నాడు. ఇన్నేళ్ళు వాటిని పట్టిన మనిషి ఆ మాట అనడం నాకు వింతగా తోచింది, కాస్త కోపమూ వచ్చింది. ఈ రెండూ ఒక మనిషిలో ఎట్లా ఇముడుతాయో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

గడువు ముగిశాక నివేదిక పంపాను, దుర్భిణి తిరిగి పంపాను. నివేదికలో ఒక అధ్యాయం మొత్తం ఆయన చెప్పిందే.

రెండో దసరా దగ్గరపడింది. పెద్దమనిషి మా ఇంటికి వచ్చి, ఈసారి ఏం చేయమంటావని నన్నడిగాడు. ఆదివారాల కూలితో ఏడాది గడవదు, పండుగ పది రోజుల సంపాదన వదులుకుంటే ఇంట్లో బట్టలు రావు.  అరుగు మీద బియ్యం ఏరుతున్న అత్తమ్మ చాట పక్కన పెట్టి కలగజేసుకుంది.

"పట్టుకొచ్చి సూపెట్టుడు ఎందుకు? మేమే వస్తం, ఆడనే సూపెట్టు. పంజరంల సూస్తే సగం పుణ్యమేనట."

ఎవరన్నారట అని నేను అడిగాను. నా వైపు చూడలేదు. ఆ మాట అప్పుడే పుట్టించిందని నాకు తెలుసు, తనకూ తెలుసు. కానీ రెండు రోజుల్లో మా వాడకట్టులో ప్రతి ఆడమనిషీ ఆ మాటే అనసాగింది. పంజరానికి ఇచ్చేదే పెద్దమనిషికి ఇవ్వాలి, ఆయన ఊరి బయటికి తీసుకుపోయి చూపాలి. బొంబాయి, జనగామ, పై ఆఫీసు కలిసి ఏడాదిలో చేయలేనిది అత్తమ్మ చాట పట్టుకుని చేసింది. నాకు సంతోషం కలగాలి. కలిగింది కూడా. కానీ అన్ని దరఖాస్తులూ రాసిన చేతులకు మాత్రం కొంచెం ఉక్రోషం కలిగింది.

పండుగ సాయంత్రం జమ్మికి పోయేముందు నలభై మందిమి రోడ్డు పట్టుకుని నడిచాం. నేను ఏళ్ళ తరబడి లెక్కపెట్టిన తీగ అది. రోజూ ఆ వేళకు తక్కువలో తక్కువ రెండు ఉంటాయని అందరికీ ధైర్యం చెప్పాను. ఒక్కటి లేదు. కొత్త బట్టల గుంపు, పిల్లల అరుపులు, వెనుక ఎక్కడో పటాకులు. ఏ పిట్ట కూర్చుంటుంది? పావుగంట నిలబడ్డాం. మా వాడకట్టులో పేరున్న ఒక పటేలు, పంజరమైతే ఈపాటికి దర్శనమై జమ్మికి కూడా పోయి ఉండేవాళ్ళమని అందరికీ వినబడేటట్టు అన్నాడు. కొందరు వెనక్కి తిరిగారు. పెద్దమనిషి నా దగ్గరికొచ్చి, "టీచరమ్మా, జర వీళ్ళను కూసోబెట్టు, సప్పుడు చెయ్యద్దను" అని చెప్పి, ఒక్కడే పెసరు కోసిన చేనులోకి దిగాడు.

ఆయన పోయిన వైపు ఒక మొండి తాటిచెట్టు ఉంది. సగం దూరంలో ఆగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, గరగరమని ఒక అరుపు అరిచాడు. కాసేపు ఏమీ లేదు. రెండోసారి అరిచాడు. చెట్టు మొండెం మీదినుంచి ఒక పిట్ట లేచి పైకి పోయి, పక్కకు వాలుతూ, రెక్కలు అటూ ఇటూ తిప్పి కిందికి జారింది. ఎండ వాటంగా పడి ఆ నీలం ఒక్కసారి వెలిగింది. రెండు మూడు క్షణాలే. కూర్చున్నవాళ్ళలో సగం మంది చూశారు. మిగతావాళ్ళు ఎటు, ఎటు అని అడిగేలోపు పిట్ట పోయింది. చూడనివాళ్ళు తాము ఇచ్చింది తిరిగి ఇమ్మన్నారు.

అత్తమ్మ కూడా చూడలేదు. ఆమె కళ్ళకు పొర ముసురుతోందని మాకు అప్పటికి తెలియదు. దుర్భిణి ఉంటే ఆ మొండెం మీద పిట్ట కూర్చున్నప్పుడే చూపించేదాన్ని. అది రెండు నెలల ముందే బొంబాయి చేరి, ఏదో బీరువాలో కూర్చుంది. ఆ క్షణంలో వాళ్ళ మీద వచ్చినంత కోపం ఇంకెప్పుడూ రాలేదు. అత్తమ్మ మాత్రం పక్కావిడను అడిగి, ఎటు పోయిందో తెలుసుకుని, ఆ దిక్కుకు దండం పెట్టింది. ఇంటికి వచ్చాక అందరితో చూశాననే చెప్పింది.

పట్టడం పూర్తిగా ఆగిందని చెప్పలేను. ఇతర ఊళ్ళనుంచి పంజరాలు వస్తూనే ఉన్నాయి. మా వాడకట్టులో మాత్రం ఊరి బయటికి నడిచిపోయే అలవాటు నిలిచింది. రెండేళ్ళ తర్వాత నాకు చిట్యాలకు బదిలీ అయింది. నేను లేకున్నా వాళ్ళు పోతూనే ఉన్నారు.

బొంబాయి వాళ్ళు నా లెక్కలను ఒకటిన్నర పేజీ వ్యాసంగా అచ్చువేశారు. పెద్దమనిషి అధ్యాయం తీసేశారు. నిర్ధారించని సమాచారమట. మూడు ఉత్తరాలు రాశాను. మూడోదానికి, స్థలాభావం అని కొత్త కారణం చెప్పారు.

బదిలీకి సామాన్లు సర్దుతున్న రోజు పెద్దమనిషి వచ్చాడు. ఆయన చెప్పింది నేను ఇంగ్లీషులో ఏం రాశానో వినిపించమన్నాడు. అచ్చుకాలేదని చెప్పడానికి సిగ్గుపడ్డాను, చెప్పాను. దానికేం, చదువు అన్నాడు. నా దగ్గరున్న నకలు తీసి ఒక్కో వాక్యం తెలుగులో చెబుతూ పోయాను. మూటల మధ్య గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని విన్నాడు. గుడ్ల దగ్గరికి వచ్చేసరికి చెయ్యెత్తి ఆపాడు.

"నాలుగని రాసినవా?"

"నువ్వే చెప్పినవ్ గద బాపూ, చెట్టెక్కి."

"గా చెట్టుకు నాలుగు. అన్నిటికీ నాలుగు కావు. ఒక్కోపారి మూడే. ఐదు గూడ ఉంటయి. దిద్దు."

కలం ఎక్కడో మూటలో కట్టేశాం. మా ఆయన జేబులోంచి తీసి ఇచ్చాడు. పెద్దమనిషి చూస్తుండగా అంచున దిద్దాను. ఎక్కడ దిద్దానో వేలుపెట్టి చూపించమన్నాడు, చూపించాను. తల ఊపి తర్వాతది చదవమన్నాడు. ఆ సవరణను ఒక కార్డు మీద రాసి బొంబాయికి కూడా పోస్టు చేశాను. జవాబు రాలేదు. వస్తుందని నేనూ అనుకోలేదు.